రాళ్ళు బంగారమైన లోయ

(చూసి వద్దాం రండి)

పిల్లలూ! అమీర్‌పేటలో మెట్రో రైలు దిగి, పంజాగుట్ట చౌరస్తా దాటి, బంజారాహిల్స్ వైపు వెళితే నాగార్జున సర్కిల్ అనే కూడలి వస్తుంది. బస్సులూ ఆటోలూ పొద్దస్తమానం దాని చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. ఆ పేరు మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. నాగార్జునుడంటే ఎవరు అని అడిగితే మాత్రం కొందరు సినిమా నటుడంటారు, కొందరు ఆనకట్ట అంటారు. అసలు నాగార్జునుడు ఈ ఇద్దరికంటే చాలా పాతవాడు!

మీ ఇంటి నల్లాకు కూడా ఈ పేరుతో చుట్టరికం ఉన్నది. హైదరాబాదు తాగే నీటిలో పెద్ద భాగం కృష్ణానది నుంచి వస్తుంది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి తోడిన నీరు అక్కంపల్లి జలాశయం చేరి, కోదండాపురంలో శుభ్రపడి, నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాలలో ప్రయాణం చేసి నగరానికి వస్తుంది. ఆ నాగార్జునసాగర్ అడుగున ఒక లోయ ఉన్నది. ఆ లోయలో ఒక రాజధాని, ముప్పైకి పైగా బౌద్ధ విహారాలు, ఎన్నో గుళ్ళు ఉండేవి. ఈ నెల మనం ఆ లోయలో కాలినడకన తిరిగి వద్దాం.

"నీళ్ళ అడుగున ఎలా నడుస్తాం?" అని అడుగుతారు కదూ? దానికి ఒక ఉపాయం ఉన్నది. నీరు ఇంకా రాకముందు, 1955వ సంవత్సరంలో ఒక చలికాలపు ఉదయాన మనం అక్కడ ఉన్నామనుకోండి. నీళ్ళ సీసా, అన్నం మూట తీసుకుని బయలుదేరండి!

మాచర్ల స్టేషన్లో రైలు దిగాం. అక్కడినుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు బండిదారి. దారి పొడవునా తుప్పలు, బండరాళ్ళు. కనుమ ఎక్కి అవతలికి తొంగి చూస్తే లోయ అంతా ఒక్కసారిగా కళ్ళబడుతుంది. మూడు వైపులా నల్లమల కొండల శాఖలు గోడల్లాగా నిలబడి ఉన్నవి. నాలుగో వైపు, పడమట, కృష్ణానది పారుతున్నది. లోయ వైశాల్యం సుమారు 23 చదరపు కిలోమీటర్లు. మూడు గోడలు కొండలే కట్టి, నాలుగో వైపు నది కందకం తవ్వి పెడితే ఏ రాజు మాత్రం వదులుకుంటాడు?

శాతవాహనుల తరువాత, క్రీస్తు శకం మూడవ శతాబ్దంలో, ఇక్ష్వాకు వంశపు రాజులు ఇక్కడ రాజధాని కట్టుకున్నారు. దాని పేరు విజయపురి. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, ఆయన కొడుకు వీరపురుషదత్తుడు. సుమారు నూరేళ్ళపాటు ఈ వంశం వారు ఇక్కడినుంచి పాలించారు. రాజుల కోట నది పక్కన ఉండేది. విహారాలు చాలావరకు తూర్పున, కొండల వైపు ఉండేవి.

కనుమ దిగి తూర్పు భాగానికి వస్తే తవ్వకాలు జరుగుతూ ఉన్నవి. కూలీలు తట్టలతో మట్టి మోస్తున్నారు. వాళ్ళ పక్కన నేలమీద పరచిన పెద్ద బండి చక్రంలాంటి ఇటుకల కట్టడం చూశారా? అదే మహాచైత్యం. ఈ చివరినుంచి ఆ చివరికి సుమారు 32 మీటర్లు. చక్రానికి కుంభి, ఆకులు, కమ్మి ఉన్నట్టే దీనికి మధ్యలో ఇరుసు, చుట్టూ గుండ్రని గోడ, రెంటినీ కలుపుతూ అడ్డగోడలు ఉన్నవి. గోడల మధ్య ఖాళీలలో మట్టి నింపి, పైన గుమ్మటం కట్టారు.

ఇలా ఎందుకు కట్టారు? బుద్ధుని ధర్మచక్రానికి ఇది గుర్తు. అంతేకాదు, ఇందులో మంచి ఇంజనీరింగు కూడా ఉన్నది. అంత పెద్ద గుమ్మటమంతా ఇటుకతోనే కట్టాలంటే ఇటుకలు చాలవు. ఒట్టి మట్టి పోస్తే జారిపోతుంది. అడ్డగోడలు మట్టిని గదులుగా విడగొట్టి నిలబెడతాయి. మీరు ఇంట్లోనే చేసి చూడండి. ఒక అట్టముక్కను సన్నగా కత్తిరించి, గుండ్రంగా చుట్టి, చివరలు అంటించండి. పక్కనుంచి వేలితో నొక్కితే అది చప్పున అణిగిపోతుంది. అలాంటిదే మరొకటి చేసి, లోపల చక్రపు ఆకుల్లాగా అట్టముక్కలు అడ్డంగా అంటించి నొక్కండి. ఈసారి అది అంత సులభంగా లొంగదు. ఆ సంగతి విజయపురి తాపీపనివారు పదిహేడు వందల ఏళ్ళ కిందటే ఎరుగుదురు.

ఈ మహాచైత్యంలో ఒక గదిలో మట్టికుండ ఒకటి దొరికింది. కుండలో స్తూపం ఆకారంలో చేసిన చిన్న వెండి బరిణె. వెండి బరిణెలో ఇంకా చిన్న బంగారు బరిణె. బంగారు బరిణెలో ఒక ఎముక ముక్క! అది బుద్ధుని ధాతువని నాటివారి నమ్మకం. తరువాత దానిని కాశీ దగ్గర సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి ఇచ్చారు.

చైత్యానికి నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలు నిలిపారు. వీటిని ఆయక స్తంభాలంటారు. బుద్ధుని పుట్టుక, ఇల్లు విడవటం, జ్ఞానం పొందటం, మొదటి బోధ, నిర్యాణం అనే ఐదు ఘట్టాలకు ఇవి గుర్తులు. లేతాకుపచ్చ ఛాయగల పల్నాటి సున్నపురాతితో వీటిని చెక్కారు. వాటిమీద ఉన్న గీతలు చూడండి. అది బ్రాహ్మీ లిపి, భాష ప్రాకృతం. ఈ మహాచైత్యం ఎవరివల్ల పూర్తి అయిందో అక్కడ రాసి ఉన్నది. ఆమె పేరు శాంతిశ్రీ. శాంతమూల మహారాజుకు సొంత చెల్లెలు.

ఇందులో ఒక విశేషం గమనించండి. అన్నగారు వైదిక మతస్థుడు, అశ్వమేధ యాగం చేసినవాడు. చెల్లెలు బౌద్ధులకు చైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఎవరి నమ్మకం వారిదిగా బతికారు. ఆమె బ్రాహ్మణులకూ, దీనులకూ కూడా దానాలు చేసిందని శాసనం చెబుతున్నది.

మరొక శాసనం బోధిశ్రీ అనే ఉపాసికది. ఆమె రాణి కాదు, రాజకుమార్తె కాదు. ధనవంతుల ఇంటి ఆడపడుచు. ఆమె చేయించిన పనుల చిట్టా చదివితే ఊపిరి ఆడదు. ఇక్కడ ఒక చైత్యగృహం, అక్కడ ఒక చెరువు, ఒకచోట మూడు గదులు, మరొకచోట ఏడు గదులు, నేడు మనం ఘంటసాల అని పిలిచే కంటకసేలలో ఒక రాతి మండపం! ఈ చైత్యగృహాన్ని ఆమె సింహళం నుంచి వచ్చిన గురువుల కోసం కట్టించింది. ఆ గురువులు ఏయే దేశాలకు ధర్మం చేరవేశారో కూడా రాయించింది. ఆ జాబితాలో కాశ్మీరం, గాంధారం, చైనా, వంగం, తమిళ దేశం ఉన్నవి. అప్పటికి రైలు లేదు, మోటారు లేదు. అయినా మన కృష్ణ ఒడ్డున ఉన్న రాతిమీద హిమాలయాల దగ్గరి కాశ్మీరం పేరు ఎక్కింది.

ఇక కొంచెం ముందుకు నడుద్దాం. కొండ వాలును ఆనుకుని మెట్లు మెట్లుగా కట్టిన చతురస్రపు మైదానం కనిపిస్తుంది. ఇది క్రీడారంగం. నాలుగు వైపులా కూర్చోవటానికి మెట్లు, నడుమ ఆటస్థలం, వాననీరు పోవటానికి కాలువ. ఒక్కొక్క వరుస ముందు వరుస కంటే ఎత్తుగా ఉండటం మూలాన ఎవరి తలా ఎవరికీ అడ్డం రాదు. చూపుకు అడ్డం లేకపోతే మాటకూ అడ్డం ఉండదు. కాబట్టి కింద మాట్లాడినవారి గొంతు పై వరుసకు చక్కగా వినబడుతుంది. ఈనాటి స్టేడియాలలో చేసేదీ ఇదే.

ఆ పక్కనే కొండమీద ఒక గుడి ఉన్నది. అందులో దేవత పేరు హారీతి. ఆమెను గూర్చిన కథ బౌద్ధులు ఎక్కడికి వెళ్ళితే అక్కడికి వెళ్ళింది. వినండి.

రాజగృహ నగరంలో హారీతి అనే యక్షిణి ఉండేది. ఆమెకు ఐదు వందలమంది పిల్లలు. తన పిల్లలంటే ఆమెకు పంచప్రాణాలు. కాని ఊళ్ళోవాళ్ళ పిల్లలను మాత్రం ఎత్తుకుపోయి తినేసేది. తల్లులందరూ ఏడుస్తూ బుద్ధుని దగ్గరికి వచ్చి మొరపెట్టుకున్నారు. బుద్ధుడు ఏమీ మాట్లాడలేదు. హారీతి ఇంట్లో లేని సమయం చూసి, ఆమె చివరి కొడుకును తెచ్చి తన భిక్షాపాత్ర కింద దాచాడు.

హారీతి ఇల్లు చేరి, పిల్లవాడు కనిపించక వెర్రెత్తిపోయింది. ఏడు రోజులు కొండలూ కోనలూ గాలించింది. చివరకు జుట్టు విరబోసుకుని బుద్ధుని కాళ్ళమీద పడింది.

"స్వామీ! నా బిడ్డ ఏమైపోయాడో! వాడు లేకపోతే నేను బతకను," అన్నది.

"అమ్మా, నీకు ఎంతమంది పిల్లలు?" అని అడిగాడు బుద్ధుడు.

"ఐదు వందలమంది, స్వామీ."

"ఐదు వందలమందిలో ఒక్కడు కనిపించకపోతే నీకు ఇంత దుఃఖం కలిగిందే! ఒక్కరో ఇద్దరో బిడ్డలున్న తల్లి సంగతి ఏమిటి? నీవు ఎత్తుకుపోయిన బిడ్డల తల్లులు ఎంత ఏడ్చి ఉంటారు?"

హారీతి తల దించుకున్నది. చాలాసేపు మాట్లాడలేకపోయింది. ఇక మీదట ఏ బిడ్డనూ ముట్టనని ప్రమాణం చేసింది. బుద్ధుడు పాత్ర ఎత్తి కొడుకును ఆమె చేతికి ఇచ్చాడు.

"మరి నా పిల్లలకు ఆకలి వేస్తే ఎలా స్వామీ?" అని అడిగింది హారీతి.

"విహారాలలో భిక్షువులు భోజనానికి ముందు మీ అందరికీ ఒక వంతు తీసిపెడతారు," అన్నాడు బుద్ధుడు.

ఆనాటినుంచి హారీతి పిల్లలను కాపాడే దేవత అయింది. విజయపురి తల్లులు తమ బిడ్డలు చల్లగా ఉండాలని కొండెక్కి ఆమెకు మొక్కేవారు కాబోలు. అమీర్‌పేట పక్కనే బల్కంపేట ఎల్లమ్మ గుడిలో ఈనాటి తల్లులు మొక్కుకునేదీ ఆ కోరికే కదా!

ఎండ ఎక్కింది. పడమటికి తిరిగి నదివైపు నడుద్దాం. అక్కడ రాతి పలకలతో కట్టిన స్నానఘట్టం ఉన్నది. మెట్లు వరుసగా నీళ్ళలోకి దిగుతాయి. ఒడ్డు వెంబడి శివునికీ, విష్ణువుకూ, కార్తికేయునికీ కట్టిన గుళ్ళు ఉన్నవి. వాటికీ బౌద్ధ విహారాలకూ ఒకే నగరంలో చోటు దొరికింది. కాళ్ళు కడుక్కుని, మెట్లమీద కూర్చుని అన్నం మూట విప్పండి. ఎదురుగా కనిపించే కొండే నాగార్జునకొండ. కథ వింటూ తిందాం.

ఇక్ష్వాకుల శాసనాలలో ఈ చోటు పేరు శ్రీపర్వతం. నాగార్జునుని పేరు తరువాతి జనం నోట నిలిచింది. నాగార్జునాచార్యుడు గొప్ప బౌద్ధ తత్వవేత్త. ఆయన ఒక రాజుకు స్నేహితుడుగా రాసిన ఉత్తరం "సుహృల్లేఖ" అనే పేరుతో ప్రసిద్ధి. దాని సంస్కృత మూలం పోయింది. టిబెట్, చైనా భాషల అనువాదాలు మిగిలాయి. హిమాలయ లోయలలోని బౌద్ధ మఠాలలో భిక్షువులు ఈనాటికీ నాగార్జునుని గ్రంథాలు చదువుతారు. స్పితి లోయలో 996వ సంవత్సరంలో స్థాపించిన తాబో మఠంలో ఇప్పటికీ దీపం వెలుగుతున్నది. మన లోయలో దీపాలు ఏనాడో ఆరిపోయాయి. కాని ఆచార్యుని మాట మాత్రం మంచుకొండలలో బతికి ఉన్నది.

ఏడవ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ ఆయనను గూర్చి ఒక కథ రాసిపెట్టాడు. శాతవాహన రాజు ఒకరు నాగార్జునుని కోసం కొండను తొలిపించి ఐదంతస్తుల విహారం కట్టించసాగాడు. పని సగంలో ఉండగానే ఖజానా ఖాళీ అయింది. రాజు దిగులుపడి కూర్చున్నాడు. నాగార్జునుడు సంగతి తెలుసుకుని, "చింతించకు. రేపు వేటకు పోయి రా, ఆ తరువాత మాట్లాడుకుందాం," అన్నాడు. ఆ రాత్రి ఆయన కొండరాళ్ళమీద ఏదో రసం చల్లాడు. మర్నాడు రాజుకు అడవిలో రాళ్ళన్నీ బంగారమై మెరుస్తూ కనిపించాయి. ఆ బంగారంతో విహారం పూర్తి అయింది!

కథ బాగున్నది కదూ? హుయాన్ త్సాంగ్ చెప్పిన కొండ ఇదేనా, శ్రీశైలం దగ్గరిదా అని పండితులు వాదించుకుంటారు. మనం మాత్రం ఇప్పుడే చదివిన రాళ్ళను అడుగుదాం. విహారాలకు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? శాంతిశ్రీ ఇచ్చింది. బోధిశ్రీ ఇచ్చింది. ఇంకా ఎందరో ఇచ్చారు. రాళ్ళమీద చల్లిన రసం అదే!

ఇక్ష్వాకుల తరువాత విజయపురి వైభవం తగ్గింది. ఇటుకల మీద మట్టి పేరుకున్నది, మట్టిమీద తుప్పలు మొలిచాయి. పదహారు వందల ఏళ్ళు గడిచాయి. రైతులు నాగళ్ళకు తగిలిన రాళ్ళను గట్టుమీద వేసుకున్నారు. అప్పుడు సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఒక పాతకాలపు స్తంభాన్ని చూశాడు. దానిమీది గీతలు ఊరికే గీసినవి కావని ఆయనకు తోచింది. వెంటనే మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. 1926లో శాసన శాఖ నుంచి సరస్వతి అనే ఉద్యోగి వచ్చి చూసి, ఇది గొప్ప చోటని నిర్ధారణ చేశాడు. తరువాత లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వించాడు. అందరూ చూసిన రాయినే ఆ పంతులుగారూ చూశారు. కాని ఆయన ఆగి చూశారు. రాయిని బంగారం చేయటమంటే ఇదికూడాను!

ఇంతలో మరొక పెద్ద పని ముంచుకొచ్చింది. కృష్ణానది నీరు వృథాగా సముద్రంలో కలుస్తున్నది, పల్నాడూ నల్లగొండా ఎండకు మాడుతున్నవి. అందుచేత నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాలని నిర్ణయించారు. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఆనకట్ట పూర్తి అయితే లోయ మునిగిపోతుంది. ఆనకట్ట కట్టకపోతే లక్షల ఎకరాలకు నీరు లేదు. పిల్లలూ, మీరే ఆ స్థానంలో ఉంటే ఏం చేసేవారు?

ప్రభుత్వం రెండు పనులూ చేయ తలపెట్టింది. ఆనకట్ట పని జరుగుతూ ఉండగానే, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన 1954 నుంచి 1960 దాకా లోయలో నూరుకు పైగా చోట్ల తవ్వకాలు చేశారు. అది నీటితో పరుగు పందెం. రాతియుగపు పనిముట్లు మొదలుకొని ఇక్ష్వాకుల శిల్పాల దాకా ఎన్నో బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలు తొమ్మిదింటిని ఊడదీసి, కొండమీదికి చేర్చి, మళ్ళీ నిలబెట్టారు. క్రీడారంగాన్నీ, హారీతి గుడినీ, ఒక విహారాన్నీ ఒడ్డున ఉన్న అనుపు అనే చోట తిరిగి కట్టారు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట నీటినుంచి అబూ సింబెల్ ఆలయాలను కోసి పైకి తరలించటం లోకమంతా చెప్పుకున్నది. ఆ పని జరిగింది 1964, 1968 సంవత్సరాల మధ్య. మనవాళ్ళు అంతకు ముందే ఈ పని చేశారు.

అయినా అన్నీ దక్కలేదు. ఆరేళ్ళలో తవ్వగలిగింది తవ్వారు, మిగిలింది నీటి కింద ఉండిపోయింది. లోయలో కాపురమున్న పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలవారు ఇళ్ళూ పొలాలూ విడిచి వెళ్ళారు. 1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. ఎండిన చేలల్లో వరి పండింది. తరువాత కొన్నేళ్ళకు ఆ నీరే హైదరాబాదు నల్లాలకూ వచ్చింది. దాని వెల ఒక లోయ. ఆ సంగతి తెలిసినవాళ్ళు నల్లా విప్పి వదిలేయరు.

ఇక మనం 1955 నుంచి తిరిగి వచ్చేద్దాం. ఈనాడు నాగార్జునకొండ నీటి మధ్య ఒక ద్వీపం. హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా సుమారు 150 కిలోమీటర్లు వెళితే నాగార్జునసాగర్ వస్తుంది. అక్కడినుంచి లాంచీలో ద్వీపానికి వెళ్ళవచ్చు. కొండమీద మ్యూజియం ఉన్నది. మహాచైత్యం, స్వస్తిక ఆకారం లోపల ఉన్న స్తూపం, స్నానఘట్టం అక్కడ చూడవచ్చు. అనుపులో క్రీడారంగపు పై మెట్టుమీద ఒకరు కూర్చుని, కింద మరొకరు మెల్లగా మాట్లాడి పరీక్షించండి. ఎడమ ఒడ్డున 2022లో ప్రారంభమైన బుద్ధవనం కూడా ఉన్నది.

పెద్దలకు ఒక మాట: లాంచీలు నడిచే వేళలు ముందుగా కనుక్కుని బయలుదేరండి. గాలి ఎక్కువైతే, నీరు తగ్గితే లాంచీలు ఆగిపోతాయి. కొండమీద నీడ తక్కువ, కనుక నీళ్ళూ టోపీలూ మరవకండి. శిల్పాలను పిల్లలు కళ్ళతో చూడాలి, వేళ్ళతో కాదు.

ఈ నెల ప్రశ్నలు

1. మహాచైత్యం లోపల అడ్డగోడలు ఎందుకు కట్టారు? రెండు కారణాలు చెప్పండి.

2. బోధిశ్రీ శాసనంలో హిమాలయాల దగ్గరి దేశం పేరు ఏది?

3. మీ ఊళ్ళో, లేక మీ వీధిలో, అందరూ చూస్తూ దాటిపోయే పాతరాయి ఏదైనా ఉన్నదా? దానిమీద గీతలున్నవా? ముట్టకుండా, కదల్చకుండా దాని బొమ్మ గీసి, మీ పంతులుగారికి చూపించండి.

మొదటి రెండింటికి జవాబులు ఈ పుటలలోనే ఉన్నవి. మూడోదానికి జవాబు మీరే వెతకాలి.